గీత ఎక్కడ గీశారు

కరిమ్పుళ
5 ఆగస్టు 2004

శశీ, కుట్టా,

జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం జూలై ఆఖరి వారంలో చేరింది. వానాకాలం ఓడలంటే అంతే మరి. నీ మోకాలి నొప్పికి ఎండు చేప నూనె రాస్తున్నానన్నావు. రాసుకో తమ్ముడూ, కానీ ఆ వాసనతో లైట్‌హౌస్ మెట్లెక్కితే పిల్లులు వెంటపడతాయి.

ఇక్కడ ఒక ఘోరం జరిగింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నా చెవులకి ఫోన్‌లో వినపడేది హోరు ఒక్కటే. నువ్వుండేది సముద్రం నడుమ దీవిలో. మాట్లాడేది నువ్వో సముద్రమో నాకెలా తెలుస్తుంది? అందుకే రాస్తున్నాను.

మంగళవారం నేను వాచనశాల నుంచి తిరిగొచ్చేసరికి వేలాయుధేట్టన్ అరుగు మీద కూర్చుని ఇత్తడి దీపం తోముతున్నారు. పెళ్ళయిన ముప్ఫై ఆరేళ్ళలో ఆయన దీపం తోమగా నేను చూడలేదు.

"ఏం జరిగింది?" అన్నాను.

"ఏమీ జరగలేదు. జరగాల్సింది సగంలో ఆగింది," అని నా కుడి చెవిలో అరిచారు. నాకంటే ముందు పక్కింటివాళ్ళకి తెలిసిపోయింది.

సంగతేమిటంటే, ఎవరో పట్టణం నుంచి వచ్చి వాచనశాలలో ఉపన్యాసమిచ్చి, ఉచితంగా దొరికే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలు పంచి వెళ్ళారు. ఆ పూట నేను లేను. ఏట్టన్ ఒకటి తెచ్చి బీరువాలో బట్టల కింద దాచారు. నేను ఇంట్లో లేని సమయం చూసి మన కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. సగం ఎక్కాక కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదయింది. కరెంటు తిరిగొచ్చాక చూస్తే తెరంతా నలుపు. ఎడమవైపు పై మూలన యాభై ఒకటి అని చూపిస్తోంది. అంతకుమించి ఇంకేమీ లేదు. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే యాభై ఒకటి.

వాచనశాల పుస్తకాల పట్టిక మొత్తం అందులోనే ఉంది, కుట్టా. ఏడువేల మూడువందల నలభై పుస్తకాలు. రెండేళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ కొట్టాను. చెదలు తినగా మిగిలిన పాత రిజిస్టర్లని, ఇక వీటితో పనేముందని పొయ్యిలో పెట్టి స్నానానికి నీళ్ళు కాచుకున్నాను. అక్టోబర్ పదిహేనున తాలూకా నుంచి తనిఖీకి వస్తున్నారు. పట్టిక లేకపోతే మన వాచనశాలకి ఉన్న గ్రేడు పోతుంది. అధ్యక్షుడు కురుప్పు మాష్ ఆనాడే అడిగాడు, "కలంతో రాసింది చెదలు తింటాయి, సరే. కంప్యూటర్‌లో రాసింది ఎవరు తింటారు టీచర్?" అని. ఎవరూ తినరన్నాను.

కంప్యూటర్ షాపు జోజి వచ్చి ఒక్క నిమిషం చూసి, "మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్యాలి టీచర్," అన్నాడు. తుడిస్తే నిన్నూ తుడుస్తానని చెప్పి పంపేశాను.

లైట్‌హౌస్‌లో యంత్రాలన్నీ నీ చేతి మీదే నడుస్తాయి కదా. ఏం చెయ్యాలో రాయి. అంతవరకూ ఎవరినీ ముట్టుకోనివ్వను. ఆయన్ని ఆ గదిలోకే రానివ్వడం లేదు.

నీ చేచ్చి,
తంకమణి


మినికాయ్
17 ఆగస్టు 2004

చేచ్చీ,

నీ ఉత్తరం నిన్న అందింది. ముందు ధైర్యంగా ఉండు. తెర వెలుగుతోందంటే ప్రాణం ఉన్నట్టే.

యాభై ఒకటో నంబరు తప్పు గురించి నా దగ్గరున్న రెండు పుస్తకాలూ తిరగేశాను. యాభై ఉంది, యాభై రెండు ఉంది, మధ్యలోది లేదు. వైర్‌లెస్ ఆఫీసు రాఘవన్‌ని అడిగాను. అతను చాలాసేపు గడ్డం గోక్కుని, "అది వేడి వల్ల అయ్యుంటుంది" అన్నాడు. అతనికి తెలియనిదేదైనా వేడి వల్లే వస్తుంది. అయినా నష్టం లేని పని కనుక చేసి చూడు. ప్లగ్ పీకి, డబ్బా పక్క రేకు విప్పి, దుమ్ము దులిపి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టు. జోజిని మాత్రం దగ్గరికి రానివ్వకు.

ఏట్టన్ ఎందుకు చేశారో అడిగావా? తిట్టడం సరే, అడిగావా?

ఈ ఓణానికీ నా బదులు ఉండే మనిషి దొరకలేదు. ఇక్కడే రాఘవన్, నేను గంజి కాచుకుంటాం. ఓడ మీద ఇవాళ మూసా మణిక్‌ఫాన్ కొచ్చి వెళ్తున్నాడు. తొందరగా చేరుతుందని ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

శశి


మినికాయ్
18 ఆగస్టు 2004
(పోస్టు కార్డు)

చేచ్చీ,

నిన్నటి ఉత్తరంలో అసలు సంగతే అడగడం మరిచాను. ఆ రోజు ఏట్టన్ భాగాలు ఎలా పంచారు? ఉన్న స్థలమంతా ఒకదానికే ఇచ్చేశారా, పాతదానికీ కొంత ఉంచారా? గీత ఎక్కడ గీశారు? గీశాక మళ్ళీ జరిపారా? జరిపితే ఎంత? దాచకుండా నిజం రాయమను. దాన్నిబట్టి తరవాత ఏం చెయ్యాలో నేను నిర్ణయిస్తాను.

శశి


కరిమ్పుళ
30 ఆగస్టు 2004

శ్రీ శశిధరన్‌కి,

మీ కార్డు ఉత్రాడం నాడు చేరింది. తిరువోణానికి ఒక్కరోజు ముందు, సరిగ్గా సమయం చూసి పంపారు. ఉత్తరమేదో రాశానన్నారు, అది రాలేదు. కార్డు మీద రాసింది పోస్టుమాన్ చదివాడు, వాడి వల్ల వీధి చివరి టీ కొట్టు కూడా చదివింది.

అమ్మ పోయాక తోట పంచుకుని ఆరేళ్ళయింది. అరవై రెండు సెంట్లు, చెరి ముప్ఫై ఒకటి. మీరు సంతకం పెట్టారు, నేను పెట్టాను. నేను కంప్యూటర్ పోయి ఏడుస్తుంటే, ఆ ఏడుపు మధ్యలో గీత ఎక్కడ గీశారని అడగడానికి మీకు మనసెలా వచ్చిందో నాకు తెలియడం లేదు.

ఏట్టన్ సంగతి వినండి. ముప్ఫై నాలుగేళ్ళు సర్వే శాఖలో గొలుసు పట్టిన మనిషి. కార్డు మూడుసార్లు చదివి, అటక మీంచి కొలత గొలుసు దింపారు. గుమ్మం ముందు పూల ముగ్గు వెయ్యాల్సిన పొద్దున, రెండో కొస పట్టుకుని నేను వానలో నిలబడ్డాను. పెద్ద గట్టు నుంచి పనస చెట్టు దాకా కొలిచారు. మళ్ళీ కొలిచారు. మూడోసారి కొలిచి, అక్కడే రాయి మీద కూర్చున్నారు.

ఓణం భోజనానికి విస్తరి ముందు కూర్చున్నారు గానీ ముద్ద ముట్టలేదు. పాయసం కూడా వద్దన్నారు. ఆయన పాయసం వద్దనడం నేను వినడం ఇదే మొదలు. నా చెవుల వల్ల తప్పుగా విన్నానేమోనని మళ్ళీ అడిగాను. అప్పుడు లేచి నా చెవి దగ్గరకొచ్చి, "గీత జరిగింది. మూరెడు జరిగింది. నేనే జరిపాను" అన్నారు.

నాకు ఈ సంగతి తెలియదు. దేవుడి తోడు. గీత తిన్నగా పోతే పనస చెట్టు కాండం నడిమికి వస్తుందట. చెట్టుకి ఇద్దరు యజమానులుంటే ఒకనాటికి నరికేస్తారని, చెట్టుకి అవతలగా రాయి పాతారట. దాంతో చెట్టు మా వైపు వచ్చింది. "వాడికి చెబుదామనుకున్నాను. ఆ రోజు చెప్పలేదు. తరవాత చెప్పడానికి ఏ రోజూ సరిపోలేదు" అన్నారు.

ఇదీ నిజం. మీరడిగారు, రాశాను. ఇక మీరు నిర్ణయించుకోండి.

తంకమణి


మినికాయ్
10 సెప్టెంబర్ 2004

చేచ్చీ,

నన్ను మీరు అనకు.

నేనడిగింది తోట గురించి కాదు. కంప్యూటర్ గురించి. కొత్త సిస్టమ్ ఎక్కించేటప్పుడు హార్డ్ డిస్క్‌ని భాగాలు చెయ్యాలి. ఉన్న స్థలంలో పాత సిస్టమ్‌కింత, కొత్తదానికింత అని తెర మీద గీత జరిపి పంచుతారు. పాత భాగం చెదరకుండా ఉంటే నీ పట్టిక అందులో క్షేమంగా ఉన్నట్టే. అది తెలుసుకుందామని అడిగాను. కార్డు మీద కంప్యూటర్ అన్న మాటే రాయలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. చోటు తక్కువ, తొందర ఎక్కువ. నా ఉత్తరం పట్టుకెళ్ళిన మూసా దారిలో కవరత్తిలో దిగి, మేనమామ కూతురి పెళ్ళిలో పడ్డాడట. ఉత్తరం అతని చొక్కా జేబులోనే ఉండి ఉంటుంది, చొక్కా ఉతక్కపోతే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నేనడగని ప్రశ్నకి ఏట్టన్ జవాబు చెప్పేశారు. కనుక నువ్వడగనిది నేనూ చెప్పాలి.

మూరెడు జరిగిందని నాకు తెలుసు. పంపకం అయిన మరుసటి ఏడు సెలవుకి వచ్చినప్పుడు, మీరిద్దరూ వాచనశాల వార్షికోత్సవానికి వెళ్ళిన పూట, పడవ తాడుతో కొలిచాను. ఎందుకు కొలిచానో అడగకు. చూస్తుంటే కళ్ళకి వంకరగా అనిపించింది. సముద్రం మీద దారి చూపించే పనిలో ఉన్నవాడికి వంకర కనబడితే నిద్ర పట్టదు. మూరెడు నేల పోయిందని కాదు చేచ్చీ. నాకు లెక్కలు నేర్పింది ఆయన. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని సర్వేకి తిప్పింది ఆయన. ఆ మనిషి నాకు చెప్పకుండా చేశారే అని. ఆ తరవాత ఐదు ఓణాలు వచ్చాయి. బదులు మనిషి దొరకలేదని రాశాను. నిజానికి ఒక్కసారే దొరకలేదు. మిగతా నాలుగుసార్లు నేను అడగలేదు.

చెట్టు కోసం అని తెలియదు నాకు. అది ముందే చెప్పి ఉంటే నేనే రాయి మోసుకొచ్చేవాణ్ణి.

ఇప్పుడు పని. ఏట్టన్‌ని అడిగి ఈ రెండూ రాయి. డిస్క్‌లో ఎవరికెంత ఇచ్చారు? తెర మీద కనిపిస్తున్నది అచ్చంగా ఎలా ఉందో అలాగే కాగితం మీద దించి పంపు. చదివి అర్థం చెప్పకు, బొమ్మలా దించు.

ఏట్టన్ పాయసం తాగారా?

శశి


కరిమ్పుళ
22 సెప్టెంబర్ 2004

శశీ, కుట్టా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తరవాత ఏట్టన్ చేతికిచ్చాను. నువ్వు తాడుతో కొలిచావన్న చోటికి వచ్చేసరికి ఆగి, "తడి తాడా, పొడి తాడా అని అడుగు. తడిసిన తాడు కుదించుకుపోతుంది, లెక్క తప్పుతుంది" అన్నారు. అంత మాట అని లోపలికి వెళ్ళి గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరిగానన్నారు. ఇంట్లో ఉల్లిపాయల్లేవు.

పాయసం నీ ఉత్తరం వచ్చిన రోజున మళ్ళీ చేశాను. రెండు గ్లాసులు తాగారు.

నీ పాత ఉత్తరం కూడా పన్నెండో తారీకున వచ్చింది, అత్తరు వాసనతో. అందులో చెప్పినట్టే రేకు విప్పి దుమ్ము దులిపాను. ఎదురుగా ఫ్యాన్ పెట్టి పది రోజులు ఆరబెట్టాను. జోజి దారిన పోతూ కిటికీలోంచి చూసి, "టీచర్, జలుబు చేస్తుంది దానికి" అన్నాడు.

భాగాల సంగతి ఏట్టన్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తెర మీద పొడుగ్గా పట్టీలా ఒక స్థలం చూపించి, ఎంత కావాలో పంచుకోమందట. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "రిటైరయ్యాక నన్ను కొలవమని అడిగింది అదొక్కటే" అన్నారు. పాతదానికి సగం, కొత్తదానికి సగం, చెరి సమానంగా ఇచ్చారు. వాళ్ళు ఒకరి గడపలోంచి ఒకరు నడవాల్సిన అవసరం రాకూడదని మధ్యలో కొంత బాటకి వదిలారట. "ఈసారి గీత వెంట్రుకంత కూడా జరగలేదని వాడికి రాయి" అన్నారు.

ఎందుకు చేశారని అడగమన్నావు, అడిగాను. పుస్తకాల పేర్లన్నీ నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే వెనక నిలబడి చూసేవారట. నలభై ఏళ్ళు పిల్లలకి మలయాళం చెప్పినదానివి, మన పుస్తకం పేరు పరాయి అక్షరాల్లో కూడబలుక్కుంటూ కొట్టడం చూడలేకపోయానన్నారు. కొత్తదాంట్లో మన అక్షరాలు వస్తాయని ఆ ఉపన్యాసంలో చెప్పారట. నా పుట్టినరోజుకి చూపిద్దామనుకున్నారు. రెండు నెలలుగా నేను ఆయన్ని ఆ గది గడప తొక్కనివ్వలేదు.

ఇక తెర మీద ఉన్నది. బొమ్మలా దించమన్నావు కనుక దించాను, చూడు: L I. ముందు ఇంగ్లీషు ఎల్, పక్కన ఐ. రోమన్ అంకెల్లో ఎల్ అంటే యాభై, ఐ అంటే ఒకటి. అందుకే యాభై ఒకటి అని రాశాను. ఎన్నో తరగతి పిల్లాడైనా చెబుతాడు.

చేచ్చి


మినికాయ్
3 అక్టోబర్ 2004

చేచ్చీ,

నీ ఉత్తరం చదువుతూ నేను నవ్విన నవ్వుకి రాఘవన్ వైర్‌లెస్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. అతనికి చూపించాను. చూసి, "అయినా కొంత వేడి కూడా ఉండి ఉంటుంది" అన్నాడు.

అది అంకె కాదు చేచ్చీ. ఆ సిస్టమ్ లేచేటప్పుడు దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది. దాని పేరు నాలుగక్షరాలు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కో అక్షరం వేస్తుంది. నాలుగూ పడితే లేచినట్టు. నీ దగ్గర ఎల్, ఐ రెండూ పడి ఆగిపోయింది. మూడో మెట్టు కరెంటుతో పాటు పోయింది. అంతే. యాభై ఒకటో తప్పు కోసం నేను నెలన్నర పుస్తకాలు తిరగేశాను. హెడ్‌మిస్ట్రెస్ తమ్ముడినైనందుకు నాకీ శిక్ష చాలు.

ఏట్టన్‌కి చెప్పు, ఆయన పంపకం సలక్షణంగా ఉంది. పాత భాగంలో పాత సిస్టమ్ ఉంది, నీ పట్టిక కూడా ఉంది. వాకిట్లో అడ్డంగా పడున్నవాణ్ణి పక్కకి తప్పిస్తే చాలు.

కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన నల్ల ఫ్లాపీ ఒకటి ఉండాలి. అది పెట్టి యంత్రం వెయ్యి. మెరిసే చుక్క వస్తుంది. అక్కడ ఎఫ్, డి, ఐ, ఎస్, కె కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఒక ఏటవాలు గీత, దానికి ఆనుకుని ఎం, బి, ఆర్. ఎంటర్ నొక్కు. ఏమీ చెప్పదు, ఏమీ చూపించదు. భయపడకు, పని అయినట్టే. ఫ్లాపీ తీసి మళ్ళీ వెయ్యి. ఏటవాలు గీతలు రెండు రకాలు ఉంటాయి. పైభాగం కుడివైపుకి వాలినది కొట్టాలి. రెండోది కాదు.

తనిఖీకి టైం లేదు కనుక ఇది ఓడలో పంపడం లేదు. కాన్పు కష్టమైన ఒకామెని హెలికాప్టర్‌లో కొచ్చి తీసుకెళ్తున్నారు. కూడా వెళ్ళే నర్సు చేతికిచ్చాను. ఆమెకి పెళ్ళిళ్ళేమీ లేవని కనుక్కున్నాను.

తాడు పొడిదే. ఏట్టన్‌కి చెప్పు.

శశి


కరిమ్పుళ
24 అక్టోబర్ 2004

కుట్టా,

నీ ఉత్తరం తొమ్మిదిన చేరింది. కాన్పు క్షేమంగా జరిగిందా? ఆ తల్లీబిడ్డల సంగతి తప్పకుండా రాయి, వాళ్ళ పేరు తెలియకపోయినా రోజూ తలుచుకుంటున్నాను.

ఫ్లాపీ వెతకడానికి ఒక రోజు పట్టింది. కుట్టుమిషన్ డ్రాయర్లో బొత్తాల కింద దొరికింది. ఏట్టన్‌ని గదిలోకి పిలిచాను. రెండు నెలల తరవాత లోపలికి వస్తూ గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. నేను కొడుతుంటే ఆయన నీ ఉత్తరం పట్టుకుని ఒక్కో అక్షరం అరిచారు. గీత దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. కుడికి వాలినదంటే ఎటు, కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కుడా, యంత్రానికి కుడా అని. నేను నా కుడి అన్నాను. ఆయన, "సర్వేలో ఎప్పుడూ ఉత్తరం వైపు నిలబడి చూడాలి" అన్నారు. ఆయన మాట విని కొడితే చెడ్డ ఆజ్ఞ అని తిట్టింది. నా మాట ప్రకారం కొట్టాను. నువ్వన్నట్టే ఏమీ చెప్పలేదు.

ఫ్లాపీ తీసి మళ్ళీ వేశాను. పాత నీలం తెర వచ్చింది. పట్టిక తెరిచాను. మొదటి పుస్తకం నుంచి ఏడువేల మూడువందల నలభయ్యో పుస్తకం దాకా, ఒక్కటీ పోలేదు. నేను ఏడవలేదు. ఏట్టన్ మాత్రం మళ్ళీ ఉల్లిపాయలు తరిగారు.

తనిఖీవాళ్ళు పదిహేనున వచ్చారు. అచ్చు వేసిన పట్టికని చేత్తో బరువు చూసి, టీ తాగి, గ్రేడు ఉంటుందని చెప్పి వెళ్ళారు. లోపల ఒక్క పేజీ కూడా తెరవలేదు. కురుప్పు మాష్ అయితే ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, తను ఎప్పుడో తీసుకుని తిరిగివ్వని పుస్తకాలు కూడా అందులో ఎక్కాయా అని మెల్లగా అడిగాడు. పదకొండు ఎక్కాయన్నాను. మర్నాడు సంచీతో వచ్చాడు.

పదహారున ఏట్టన్ హద్దు రాయి పెకలించారు. నన్ను గొలుసు పట్టమన్నారు. గీత తిన్నగా చెట్టు నడిమి నుంచే వెళ్ళింది. రాయి పాతే చోటు లేదు, కాండమే ఉంది కదా. అందుకని కాండం మీద సున్నంతో ఒక గీత గీసి, "ఇక్కణ్ణుంచి వాడిది. నరకడమో ఉంచడమో వాడొచ్చి చెప్పాలి, ఉత్తరాల్లో చెబితే చెల్లదు" అన్నారు. జనవరిలో నీ బదులు మనిషి కోసం దరఖాస్తు పెట్టు. పెట్టానని రాయడం కాదు, పెట్టు.

ఇంకొక్క మాట. ఈ ఉత్తరం నేను చేత్తో రాయలేదని నువ్వు చూడగానే గ్రహించి ఉంటావు. పట్టిక మొత్తం మూడు సీడీల్లోకి ఎక్కించి, ఒకటి కురుప్పు మాష్ ఇంట్లో కూడా పెట్టాక, మొన్న గురువారం ఆ కొత్త సిస్టమ్ మళ్ళీ ఎక్కించాను. ఎక్కించింది నేను. కొత్త బ్యాటరీ వేయించి, ఏట్టన్‌ని కరెంటు తీగల కింద కాపలా నిలబెట్టాను, మట్టలు పడకుండా. గంటన్నర పట్టింది. నాలుగక్షరాలూ పడ్డాయి.

మన లిపి రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఏ బొత్తం నొక్కితే ఏ అక్షరం వస్తుందో కాగితం మీద గీసుకున్నాను. నిన్న మధ్యాహ్నం ఏట్టన్ తోటలోంచి వచ్చేసరికి ఆయన పేరు కొట్టి పెట్టాను. వేలాయుధన్, విశ్రాంత సర్వేయర్, కరిమ్పుళ. పెద్ద అక్షరాల్లో, మలయాళంలో. పంచె ఎగ్గట్టుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులకి మట్టితో వచ్చి నిలబడ్డారు. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, పైకి చదివారు. నాకు వినపడేంత గట్టిగా కాదు, పెదవులు చూసి తెలుసుకున్నాను.

వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నచ్చలేదేమో అనుకున్నాను. కాసేపటికి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

ప్రేమతో,
చేచ్చి